రైలు తప్పిందా, తప్పించాడా: ‘అపరాజితో’ మీద ఒక సంవాదం

సత్యజిత్ రాయ్ 1956లో తీసిన బెంగాలీ చిత్రం ‘అపరాజితో’ను వయఃపరిణామ చిత్రాల కోవలో, అంటే పసితనం నుంచి యౌవనంలోకి ఒక మనిషి నడిచే దారినే ప్రధాన వస్తువుగా తీసుకొనే చిత్రాల కోవలో, తొలి వరుసలో నిలపడం పరిపాటి. ఈ కోవకు వెనక పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మన్ సాహిత్యంలో రూపుదిద్దుకొన్న ‘బిల్డుంగ్స్‌రోమాన్’ అనే నవలా ప్రక్రియ ఉంది. ‘బిల్డుంగ్’ అన్న జర్మన్ మాటకు విద్య అనీ, వ్యక్తిత్వం రూపుదిద్దుకోవడం అనీ రెండర్థాలూ ఉన్నందువల్ల, ఆ నవలల్లో నాయకుడు ఇల్లు విడిచి, లోకం చూసి, నాలుగు దెబ్బలు తిని, చివరికి లోకంలో తన చోటేదో తెలుసుకొంటాడు. ఆ ప్రక్రియ లెక్కలో ఇల్లు విడవడం ఆరంభం మాత్రమే గనుక, విడిచిన ఇంట్లో మిగిలిపోయినవారి గోడు కథకు బయటి సంగతి. ‘అపరాజితో’ను రెండోసారి చూసినవారికి తగిలే ముడి సరిగ్గా అక్కడే పడింది.

కథ చిన్నదే. 1920 నాటి కాశీలో గంగ ఒడ్డున పురాణ పఠనం చేసి పొట్టపోసుకొనే హరిహర్ జబ్బుపడి చనిపోతే, అతని భార్య సర్వజయ ఒక సంపన్నుల ఇంట వంటకు కుదిరి, కొన్నాళ్ళకు కొడుకు అపును వెంటబెట్టుకొని బెంగాల్‌లోని మన్సాపోతా అనే పల్లెకు, పౌరోహిత్యం చేసుకొనే పెద్దాయన చెంతకు చేరుతుంది. కులవృత్తి నేర్చిన అపు బడికి పోవాలని పట్టుపడతాడు, బాగా చదువుతాడు, జిల్లాలో రెండోవాడిగా నిలిచి ఉపకార వేతనం మీద కలకత్తా కళాశాలకు వెళ్తాడు. అక్కడ అతడు రాత్రిళ్ళు అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ పగలు చదువుకొంటూ ఉండగా, ఊళ్ళో ఒంటరిగా మిగిలిన తల్లి జబ్బును కొడుకుకు తెలియనీయకుండా దాచి, అతడు వచ్చే లోపే కన్నుమూస్తుంది.

ఈ చిత్రంలో నేర్వదగిన పాఠం ఏది అన్న విషయంలో ఇద్దరి అభిప్రాయాలు పొసగవు. ఒకరు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న మాస్టారు. రెండోవారు ఆయన దగ్గరే చదువుకొని, ఇప్పుడు సినిమాల మీద వ్యాసాలు రాస్తున్న శిష్యురాలు. తర్కశాస్త్రంలో పూర్వపక్షం అంటే ఖండించడానికి ముందుగా ఎత్తి చూపే ఎదుటివారి వాదం. ఇక్కడ మాత్రం ఎవరి మాట పూర్వపక్షమో, ఎవరిది సిద్ధాంతమో ముందే చెప్పి పెట్టడం సాధ్యం కాదు.

మాస్టారు: అపును దోషిగా నిలబెట్టేముందు, అతడు వెళ్ళకుండా ఉండిపోతే ఏమయ్యేదో కూడా చిత్రం చూపించిందన్న సంగతి మరవకూడదమ్మా. కాశీలో ఆ పెద్దింటి యజమాని తల నుంచి తెల్లవెంట్రుకలు పీకి అపు చిల్లర డబ్బులు తెచ్చుకొంటాడు, ఆయనకు హుక్కా అందిస్తాడు. ఆ దృశ్యాన్ని మెట్ల మీద నుంచి సర్వజయ చూస్తుంది. నోట ఒక్క మాట రాదు, ముఖం మాత్రం బిగుసుకొంటుంది, ఆ వెంటనే రైలు కూత వినిపిస్తుంది. కొడుకు నౌకరు కాకూడదన్న నిర్ణయం అక్కడ తల్లిదే. ఇంటి నుంచి బయటికి దారి తీసింది ఆమె. అపు ఆ దారినే ఇంకొంచెం దూరం నడిచాడు.

శిష్యురాలు: దారి తీసింది ఆమే, కాదనడానికి వీల్లేదు మాస్టారూ. అయితే ఆమె దారి తీసింది ఇద్దరూ కలిసి నడవడానికి. మన్సాపోతాలో ఆమె ఊహించుకొన్న భవిష్యత్తు కొడుకు పురోహితుడై ఊళ్ళోనే స్థిరపడటం, తాను కోడలి చేతి వంట తినడం వంటిది. బడి ఆ ఊహలోకి దూరిన మేకు.

మాస్టారు: మేకు అనడం అన్యాయం. బడిలో ఆ ప్రధానోపాధ్యాయుడు చేసిన పని చూడాలి. పౌరోహిత్యం చేస్తూ బడికి వచ్చే పిల్లవాడిలో చురుకు కనిపెట్టి, పాఠ్యపుస్తకాలు చాలవని వేరే పుస్తకాలు ఇచ్చాడు, ధ్రువప్రాంతాల సంగతులూ, ఆఫ్రికాలో లివింగ్‌స్టన్ ప్రయాణాలూ చదివించాడు. ఆ చదువు ఫలితమే అపు ఒంటికి రంగులు పూసుకొని, ఆకులు చుట్టుకొని ఆఫ్రికా అని అరుస్తూ పొలాల్లో పరుగెత్తడం. ఆ ఫలితమే తల్లిని కూర్చోబెట్టి గ్రహణం ఎట్లా పడుతుందో బోధించడం. కడపటి బెంచీలో కూర్చున్నవాడి కళ్ళలో వెలుగు కనిపించిన రోజు ఏ ఉపాధ్యాయుడికైనా పండుగే. ఇంతకన్నా ఆనందమయమైన ఘట్టాలు ఆ చిత్రంలో లేవు.

శిష్యురాలు: ఆనందమయమన్నది నిజమే; కానీ గ్రహణపాఠం వినే సర్వజయ ముఖాన్ని రెండోసారి చూస్తే ఆ ఆనందానికి అడుగున ఇంకో పొర తగులుతుంది. పాఠం ఆమెకు పూర్తిగా అర్థం కాదు, అర్థం కానవసరం లేదు కూడా. కొడుకు చెబుతున్నాడన్నదే ఆమెకు చాలు. జ్ఞానం పంచుకొనే దృశ్యమని అనిపించేది, నిజానికి ఇద్దరి మధ్య దూరం మొదటిసారి కొలతకు అందిన దృశ్యం. అపు భూగోళం బొమ్మ చేతబట్టుకొని వచ్చి కలకత్తా ఎక్కడుందో చూపించే ఘట్టంలో ఆ దూరం వేలితో తాకి చూపించేంత స్పష్టమవుతుంది. ఆమె మొదట వద్దంటుంది, మాటకు మాట పెరిగి చెంపదెబ్బ కొడుతుంది. కాసేపటికి తానే వెనకాల వెళ్ళి, దాచుకొన్న డబ్బు చూపించి సరేనంటుంది. ఆ చెంపదెబ్బనూ, ఆ డబ్బునూ కలిపి చూడాలి. ఒకదాన్ని తీసి రెండోదాన్ని మాత్రం త్యాగమని పొగడటం సగం సినిమా చూడటమే.

ఇక్కడ వాదం ఒక చిన్న సాంకేతిక విషయం మీదికి మళ్ళింది గానీ, ఆ మళ్ళింపు దారి తప్పించలేదు. కాశీ ఇంటి లోగిలిని రాయ్ బృందం కలకత్తా స్టూడియోలో సెట్టుగా కట్టింది. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త. కాశీ ఇళ్ళ నడిమి లోగిలిలో పైనుంచి మాత్రమే దిగే నీడలేని వెలుతురును స్టూడియో దీపాలతో పుట్టించడం కష్టమైన పని. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లటి గుడ్డ పరిచి, దీపాల కాంతిని సూటిగా మనుషుల మీదికి గాక ఆ గుడ్డ మీదికి కొట్టి, అక్కడ నుంచి చెదిరి దిగే కాంతితో దృశ్యాలు తీశాడు. కాంతిని నేరుగా పడనీయకుండా తెల్లని తలం మీద నుంచి మళ్ళించే ఈ పద్ధతి తరువాతి కాలంలో సినిమా ఛాయాగ్రహణంలో మామూలు వాడుక అయిపోయింది.

శిష్యురాలు: ఆ పద్ధతిని సాంకేతిక విజయంగా మాత్రమే లెక్కపెట్టడం వల్ల అసలు సంగతి జారిపోతోంది. అపుకు స్నానఘట్టాలున్నాయి, సందులున్నాయి, గుడిలో కోతులున్నాయి, అవి పట్టుకొని ఊగే గంటలున్నాయి. తల్లికి ఉన్నది ఆ నాలుగు గోడలూ, పైనుంచి దిగే ఆ పలచని వెలుతురూ మాత్రమే. ఎవరు తిరుగుతున్నారు, ఎవరు కూర్చుని ఉన్నారు అన్న విభజన చిత్రం మొదటి అర్ధగంటలోనే జరిగిపోయింది. తరువాత మన్సాపోతాలో గోడలు తొలగినా, ఆమె గుమ్మం దగ్గరా, చెట్టు కిందా కూర్చుని దూరాన సాగే రైలునే చూస్తుంది.

మాస్టారు: కూర్చుని ఉన్నవారి పక్షం వహించడం సులభమమ్మా, ఎందుకంటే వారు ఏ తప్పూ చేయరు. నడిచేవాడికే కాలు జారుతుంది.

ఈ మాటకు శిష్యురాలు వెంటనే జవాబివ్వలేదు. నిజానికి మాస్టారి వాదంలో బలమైన పట్టు ఇదే. వయఃపరిణామ కథల మీద విమర్శ రాసేవారు విడిచి వెళ్ళినవాడిని బోనులో నిలబెట్టేటప్పుడు సాధారణంగా దీన్ని గమనించరు. సెలవులకు ఇంటికి వచ్చిన అపు పక్కమీద వాలి ఉండగా తల్లి మాట్లాడే రాత్రి దృశ్యాన్ని ఇద్దరూ తమ తమ పక్షాలకు లాగడం దీని కొనసాగింపు.

శిష్యురాలు: తనకు జబ్బు చేస్తే వచ్చి చూస్తావా, సంపాదన వచ్చాక వైద్యం చేయిస్తావా అని ఆమె తటపటాయిస్తూ అడుగుతుంది, జవాబు రాదు, చూస్తే కొడుకు నిద్రపోయాడు. మొదటిసారి చూసే ప్రేక్షకుడికి ఇది కుర్రవాడి అలసట. కథ చివర తెలిసి రెండోసారి చూసేవారికి, ఆ అడగడమే ఆమె తన జబ్బు గురించి చెప్పడానికి చేసిన ఏకైక ప్రయత్నమని తెలుస్తుంది. అంతకు మించి ఆమె చెప్పదు. పొరుగింటి నిరుపమ ఉత్తరం రాస్తానన్నా, పరీక్షలు పాడవుతాయని రాయనివ్వదు.

మాస్టారు: జవాబు పుస్తకం పక్కన పెట్టుకొని లెక్క తప్పని దిద్దడం అంటే ఇదే. తల్లి చనిపోతుందని ప్రేక్షకుడికి తెలుసు, దర్శకుడికి తెలుసు, అపుకు తెలియదు. పగలంతా కళాశాల, రాత్రంతా అచ్చుయంత్రం; కలకత్తాలో తరగతి గదిలోనే కునుకు తీసి అధ్యాపకుడి చేత చీవాట్లు తిన్న కుర్రవాడు తల్లి పక్కన నిద్రపోతే దాన్ని నిర్లక్ష్యం అనడం తగదు. అమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడ నిద్రపోతాడు?

శిష్యురాలు: ఆ చివరి మాట బాగుంది మాస్టారూ, అది చిత్రంలోనూ ఉంది. అయితే పెద్దవాడు కావడమంటే ఆలస్యంగా తెలిసిరావడమే అయినప్పుడు, ఆ ఆలస్యాన్ని చూపించడానికి ముగింపు తెలిసిన ప్రేక్షకుడు కావాలి. అందుకే ఈ చిత్రం రెండోసారి చూసేవారి కోసం తీసినట్టుంటుంది. 1956లో మొదటిసారి చూసిన బెంగాలీ ప్రేక్షకులు దీన్ని ఆదరించలేదు. తల్లీకొడుకుల సంబంధాన్ని చూపిన తీరు వారికి మింగుడుపడలేదు. వెనిస్ చిత్రోత్సవంలో 1957లో స్వర్ణసింహం వచ్చినప్పుడే దాని దశ తిరిగింది.

మాస్టారు: మింగుడుపడకపోవడానికి కారణం నవలలోనే ఉంది. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన మూలంలో తల్లి చనిపోయిందన్న వార్త అందగానే అపు మనసులో మొదట మెదిలేది దుఃఖం కాదు, ఒక విధమైన విడుదల. ఆ వెంటనే తన మీద తనకే ఏవగింపు. ఈ నవలను తెరకెక్కించాలని తనను లాగిన అంశాల్లో ఆ ఘట్టం ఒకటని రాయ్ తానే రాశాడు. బడిపంతులుగా నాలుగు దశాబ్దాలు గడిపినవాడికి ఆ వాక్యం దగ్గర ఆగక తప్పదు. పిల్లల్లో మాతృభక్తిని నూరిపోసే పాఠాలెన్నో చెప్పించారు. ఒక్క పాఠంలోనూ ఈ విడుదల మాట లేదు.

శిష్యురాలు: లేకపోవడం వల్లే ఆ పిల్లలు పెద్దయ్యాక, అటువంటి క్షణం ఎదురైనప్పుడు, తామొక్కరే రాక్షసులమనుకొంటారు. ఇంటర్ కళాశాలల వసతిగృహాలకూ, ఆపైన సముద్రాల అవతలికీ పిల్లలను పంపే తెలుగు ఇళ్ళలో ఆ మాట నోట పలకడం ఇప్పటికీ నిషిద్ధమే. అయితే గమనించదగిన విశేషం మరొకటి ఉంది. రాయ్ ఆ విడుదలను తెర మీద మాటల్లో పెట్టలేదు. అపు ఊరు చేరతాడు, తల్లి లేదని గ్రహిస్తాడు, చెట్టు మొదట కూలబడి ఏడుస్తాడు. విడుదల ఎక్కడికి పోయింది? అది చివరి దృశ్యంలోని తొందరలోకి పోయింది. పెద్దాయన ఉండిపొమ్మని, శ్రాద్ధకర్మలు ఇక్కడే చేయమని అంటే, కలకత్తా కాళీఘాట్‌లో చేస్తానని చెప్పి మూట సర్దుకొని బయలుదేరతాడు.

మాస్టారు: ఆ కాళీఘాట్ మాటను అంత తేలికగా తొందర కింద జమకట్టకూడదు. శ్రాద్ధం చనిపోయినవారికి కొడుకు చెల్లించే ఋణం. పురోహితుడి కొడుకు, తానూ కొన్నాళ్ళు పౌరోహిత్యం చేసినవాడు, ఆ ఋణాన్ని కాదనలేదు, చోటు మాత్రం మార్చాడు. ఊరి పౌరోహిత్యానికి వారసుడిగా ఉండటాన్ని మాత్రమే నిరాకరించాడు. తల్లి నుంచి విడిపోవడం వేరు, తల్లి తనకోసం అనుకొన్న వృత్తి నుంచి విడిపోవడం వేరు. ఈ రెంటినీ కలిపేస్తేనే అపు కఠినుడిగా కనిపిస్తాడు.

శిష్యురాలు: రెంటినీ కలిపింది సర్వజయ. ఆమెకు అవి రెండు కావు.

అపు పక్షాన మాస్టారు నిలిపిన చివరి సాక్ష్యం చిత్రంలో లేని ఒక పాత్ర. నవలలో కలకత్తాలో అపుకు లీల అనే స్నేహితురాలుంది. రాయ్ ఆ పాత్రను చిత్రంలో పెట్టాలనే అనుకొన్నాడు, తగిన నటి దొరకక, దొరికిన అమ్మాయి నిలవక, చివరికి వదులుకొన్నాడు. లీల లేకపోవడం వల్ల నగరం అపును లాగే బలం పలచబడిందన్న అసంతృప్తి ఆయనకు మిగిలిపోయింది. లీల ఉండి ఉంటే అపు ఆలస్యాలకు ప్రేక్షకుడు అంగీకరించగల కారణం దొరికేదనీ, ఆ కారణం పోగొట్టిన నిర్మాణపు ఇబ్బందికి అపును శిక్షించడం సబబు కాదనీ మాస్టారి వాదన.

దీన్ని శిష్యురాలు తిప్పికొట్టిన తీరులో పదును ఎక్కువ. దర్శకుడు లోటనుకొన్నది చిత్రానికి లాభించిన సందర్భాల్లో ఇది ఒకటని ఆమె అభిప్రాయం. లీల ఉంటే ఒక ఆడమనిషి కోసం ఇంకో ఆడమనిషిని మరిచిన కుర్రవాడి కథ అయ్యేది; అటువంటి కథలకు ఏ భాషలోనూ కొదవ లేదు. లీల లేనందువల్ల కలకత్తాలో అపుకు మిగిలింది సిరా వాసన వచ్చే గది, పాఠాలు, ఒకరిద్దరు మిత్రులు; అంత చిన్న ఆకర్షణ కోసం కూడా మనిషి తల్లిని విడిచి ఉండగలడన్నది అప్పుడే బయటపడుతుంది. ఫ్రాన్సువా త్రూఫో 1959లో తీసిన ఫ్రెంచి చిత్రం ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’తో పోలిస్తే ఈ తేడా ఇంకా తేటపడుతుంది. అక్కడ ఆంత్వాన్ అనే కుర్రవాడిని తల్లి విసుక్కొంటుంది, బడి అవమానిస్తుంది, చివరికి ఇంట్లోవారే సంస్కరణాలయానికి అప్పగిస్తారు. అతడు పారిపోయి సముద్రం ఒడ్డుకు చేరినప్పుడు ప్రేక్షకుడు సంతోషంగా అతడి వెంట పరుగెత్తగలడు. ‘అపరాజితో’లో పారిపోవడానికి తగిన దుర్మార్గుడు ఒక్కడూ లేడు. రాయ్ స్వయంగా రెండున్నరేళ్ళకే తండ్రి సుకుమార్ రాయ్‌ను పోగొట్టుకొని, తల్లి సుప్రభ కష్టం మీద పెరిగినవాడన్న సంగతి ఇక్కడ తలపుకు రాక మానదు. దాన్ని సాక్ష్యంగా వాడుకోవడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు, అది మంచిదే.

ఈ చిత్రాన్ని ఇవాళ మళ్ళీ చూడగలగడమే ఒక విశేషం. 1993లో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో, ‘అపరాజితో’ ఒక భాగమైన అపు చిత్రత్రయం మూల నెగటివ్‌లు కాలి, కమిలి, పెళుసుబారిపోయాయి. నెగటివ్ అంటే అన్ని ప్రతులకూ తల్లివంటి మొదటి ఫిల్ము. చాలా ఏళ్ళ తరువాత ఇటలీలోని బొలోన్యా నగరపు నిపుణులు కమిలిన ఫిల్మును రసాయనాలతో మెత్తబరిచి, చినిగిన అంచులను చేత్తో అతికి, ‘అపరాజితో’లో సగానికి పైగా మూల నెగటివ్ నుంచే కాపాడగలిగారు. పునరుద్ధరించిన ప్రతి 2015లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. అరిగిన ప్రతుల్లో నల్లటి ముద్దగా మిగిలిన రాత్రి దృశ్యాల్లో, ముఖ్యంగా కొడుకు గొంతు వినిపించిందనుకొని సర్వజయ తలుపు దాకా వచ్చి, చెరువు మీద మిణుగురులను తప్ప ఇంకెవరినీ చూడని దృశ్యంలో, నటి కరుణా బెనర్జీ ముఖాన్ని ఇప్పుడు చదవవచ్చు.

వాదం ఆగింది మాత్రం ఆ దృశ్యం దగ్గర కాదు, అంతకు ముందరి చిన్న ఘట్టం దగ్గర. సెలవులు ముగిసి తిరిగి వెళ్ళవలసిన రోజు తల్లి సమయానికి లేపలేదని అపు విసుక్కొని, హడావిడిగా స్టేషనుకు పోతాడు. రైలు వస్తుంది, అతడు చూస్తూ నిలబడతాడు, ఎక్కడు. ఇంటికి తిరిగి వచ్చి రైలు తప్పిపోయిందని తల్లితో అంటాడు.

మాస్టారు: అపు మీద మోపిన నేరాలన్నిటికీ ఈ ఒక్క అబద్ధం సమాధానం. రైలు తప్పలేదు, తానే తప్పించాడు. ప్రేమ ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసులో అంతకన్నా ఏం చెబుతాడు?

శిష్యురాలు: ఒక్క రోజు ఇచ్చాడు, నిజమే. అయితే మాస్టారూ, ఆ ఇంటి ముందు నిలబడితే దూరాన పోయే రైలు కనిపిస్తుంది. రోజూ ఆ రైలునే చూసే మనిషి ఆమె. కొడుకు గడప దాటి ఎంతసేపైందో, రైలు ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియదంటారా?

మాస్టారు: తెలిసి ఉంటే అడిగేది.

శిష్యురాలు: అడగలేదు కదా. అడిగితే అతడు నిజం చెప్పవలసి వచ్చేది.

మాస్టారు ఆ దృశ్యాన్ని మళ్ళీ పెట్టమన్నారు. అపు ముఖం కాకుండా, ఈసారి వాకిట్లో ఉన్న మనిషి ముఖం చూడాలన్నారు.